పశు ప్రజననం: మూలసూత్రాలు, తెలుగునేల అనుభవం

పాలు, మాంసం, గుడ్లు, ఉన్ని, దున్నకం కోసం మనిషి పెంచే జంతువుల్లో ఏవి వచ్చే తరానికి తల్లిదండ్రులు కావాలో, వాటిలో దేన్ని దేనితో జతపరచాలో నిర్ణయించే విద్య పశు ప్రజననం. మేత, వైద్యం, కొట్టం కళ్ళముందున్న పశువును బాగుచేస్తాయి. ప్రజననం పుట్టబోయే పశువును మారుస్తుంది. దాణా తగ్గిస్తే వారంలో పాలు తగ్గుతాయి. ఎంపిక వల్ల వచ్చిన మెరుగు మాత్రం మందలో తరాలపాటు ఉంటుంది, పొరపాటు జరిగితే అదీ అంతే కాలం ఉంటుంది.

హైదరాబాద్ తూర్పున గడ్డిఅన్నారం, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వీధుల్లో రోజూ అమ్ముడయ్యే మూడు సరుకులు ఈ విద్యలోని మూడు స్థితులను చూపిస్తాయి. కోడిగుడ్డు వెనుక కంపెనీల అదుపులో, తరతరాల రికార్డులతో నడిచే ప్రజననం ఉంది. పాలప్యాకెట్ వెనుక ముర్రా గేదె జాతి, జెర్సీ ఆవు జాతి వీర్యంతో సగం దారి నడిచిన ప్రభుత్వ పథకాలున్నాయి. వేటమాంసం వెనుక గొల్లకురుమల మందల్లో సాగే, చాలావరకు రాతకెక్కని ఎంపిక ఉంది.

చారిత్రక నేపథ్యం

మంచి పశువును విత్తనానికి ఉంచుకోవడం పశుపోషణ ఎంత పాతదో అంత పాతది. ఒంగోలు సీమలో ఇది ఆచారంగా నడిచింది. ఇంటి పెద్ద కాలంచేస్తే ఆయన పేరిట ఒక కోడెదూడను దేవుడికి వదిలేవారు. తల్లి పాడి, దూడ ఎముక పుష్టి, మూపురం, నడక చూసి తెలిసిన రైతులు సరేనన్నాకే దానికి ముద్ర వేసేవారు. అలా అచ్చోసిన ఆంబోతు ఎవరి చేలో మేసినా అదిలించేవారు కాదు. చుట్టుపక్కల ఆవులకు అదే కట్టేది. భక్తి పేరుతో జరిగినా, ఇది ఊరంతా కలిసి చేసిన ఎంపిక.

ఇంగ్లండులో రాబర్ట్ బేక్‌వెల్ (1725–1795) తన పొట్టేళ్ళను ఇతర రైతులకు అద్దెకిచ్చి, వాటి పిల్లలు ఎలా ఎదిగాయో చూసి మేలైన వాటిని తిరిగి తన మందలో వాడుకున్నాడు. 1822లో షార్ట్‌హార్న్ పశువుల వంశావళి పుస్తకం అచ్చయింది. గ్రెగర్ మెండెల్ వారసత్వ సూత్రాలు 1866లో వెలువడ్డాయి. పాలు, బరువు లాంటి కొలతల్లో కనిపించే తేడాలను ఆ సూత్రాలతోనే వివరించవచ్చని 1918లో ఆర్.ఎ. ఫిషర్ చూపాడు. అమెరికాలో జే లష్ 1937లో రాసిన పాఠ్యగ్రంథంతో ఇది ప్రత్యేక శాస్త్రంగా స్థిరపడింది.

వారసత్వం, పరిసరం

ప్రతి దూడకూ సగం జన్యువులు తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి. ఏ సగం వస్తుందన్నది లాటరీ. అందుకే ఒకే తల్లి, ఒకే తండ్రి బిడ్డల్లో ఒకటి కుండెడు పాలిస్తే మరొకటి చెంబుతో సరిపెడుతుంది. ఆవులో 60 క్రోమోజోములు, మన ముర్రా లాంటి గేదెలో 50, గొర్రెలో 54, మేకలో 60 ఉంటాయి. ఒకే కొట్టంలో కట్టేసినా ఆవుకూ గేదెకూ సంకరం కుదరదు.

లక్షణాలు రెండు రకాలు. ఒంటి రంగు, కొమ్ములుండడం, కోడి మెడకు ఈకలు లేకపోవడం లాంటివి ఒకటి రెండు జన్యువుల మీద ఆధారపడతాయి. పాల దిగుబడి, బరువు, గుడ్ల సంఖ్య, చూడి నిలవడం లాంటివి వందల, వేల జన్యువుల కూడిక. వాటి మీద మేత, ఎండ, రోగం, యజమాని శ్రద్ధ కూడా పనిచేస్తాయి. కంటికి కనిపించే పశువు ఈ రెండింటి ఫలితం.

దీపావళి తర్వాత హైదరాబాద్‌లో యాదవులు జరిపే సదర్ ఉత్సవంలో ఈ తేడా బాగా తెలుస్తుంది. నారాయణగూడ లాంటి చోట్ల నూనె రాసి, పూలదండలు వేసి ఊరేగించే ముర్రా దున్నపోతుల్లో కొన్నిటిని హర్యానా నుంచి తెస్తారు. ఆ నిగనిగలో, ఆ ఎత్తులో జాతి వాటా కొంత, ఏళ్ళ తరబడి పెట్టిన మేత, చేసిన మర్దన వాటా కొంత. ఇక దాని కూతుళ్ళు ఎన్ని పాలిస్తాయో దాని ఒంటిమీద ఎక్కడా కనిపించదు. దున్నపోతు పాలివ్వదు కాబట్టి, పాడి విషయంలో దాని విలువ తేలేది తల్లి, అక్కచెల్లెళ్ళు, కూతుళ్ళ లెక్కల్లోనే.

అనువంశికత

పశువులకూ పశువులకూ మధ్య కనిపించే తేడాలో జన్యువుల వాటా ఎంతో చెప్పే కొలత అనువంశికత. ఇది 0 నుంచి 1 వరకు ఉంటుంది. మందను బట్టి, కొలిచే తీరును బట్టి మారినా, స్థూలంగా ఇలా ఉంటుంది:

– ఈతలు, చూడి నిలవడం లాంటి సంతానోత్పత్తి లక్షణాలు: 0.1 కంటే తక్కువ
– కోడి పెట్టే గుడ్ల సంఖ్య: 0.2 దరిదాపు
– పాల దిగుబడి: 0.25 నుంచి 0.35
– గొర్రెల్లో శరీర బరువు: 0.3 దరిదాపు
– పాలలో వెన్న శాతం, గుడ్డు బరువు: 0.5 దరిదాపు

దీన్నిబట్టి దారి మారుతుంది. వెన్న శాతం పెంచాలంటే ఎంపిక త్వరగా ఫలిస్తుంది. గేదె ఎదకు వచ్చినా చూడి నిలవక పొర్లుతుంటే జాతి మార్చే ముందు ఖనిజ లవణాలు, ఎద గుర్తించే వేళ, గర్భకోశ వ్యాధులు చూసుకోవాలి. అక్కడ జన్యువుల వాటా చాలా తక్కువ.

ఎంపిక: లెక్క ఎలా నడుస్తుంది

ఒక గొర్రెల మందను ఊహించుకుందాం. విత్తనానికి ఉంచిన పొట్టేళ్ళు ఏడాది వయసులో తోటి పొట్టేళ్ళ సగటు కంటే 6 కిలోలు, ఉంచుకున్న ఆడగొర్రెలు తోటివాటి కంటే 2 కిలోలు ఎక్కువ తూగాయి. తల్లిదండ్రుల సగటు ఆధిక్యం 4 కిలోలు. అనువంశికత 0.3 అయితే పిల్లలకు దక్కేది 4 × 0.3 = 1.2 కిలోలు. మిగతా 2.8 కిలోలు మేతవల్లో, తల్లిపాలవల్లో, అదృష్టంవల్లో వచ్చినవి. అవి ఆ తరంతోనే ఆగిపోతాయి. తరానికీ తరానికీ మధ్య మూడేళ్ళు పడితే ఏడాదికి లాభం 400 గ్రాములు.

ఈ చిన్న లెక్కలో ప్రజననంలోని ముఖ్య సూత్రాలు దాదాపు అన్నీ ఉన్నాయి. తేడాలే లేని మందలో ఎంపికకు పని లేదు. ఆడవాటిలో ఎక్కువ భాగాన్ని మంద నిలవడానికే ఉంచుకోక తప్పదు కాబట్టి గట్టిగా ఏరగలిగేది మగవాటిలోనే. అందుకే మందలో వచ్చే మెరుగులో పెద్ద భాగం పొట్టేలు చేతిలో ఉంటుంది. తరాల మధ్య వ్యవధి ఎంత తగ్గితే అంత త్వరగా మెరుగు కనిపిస్తుంది. ఒకేసారి ఎక్కువ లక్షణాల వెంటపడితే ఒక్కోదానిలో ప్రగతి తగ్గుతుంది. పాలు పెరిగే కొద్దీ వెన్న శాతం తగ్గడంలాగా లక్షణాల మధ్య ముడులు కూడా ఉంటాయి. అందుకే ఆధునిక పథకాల్లో ఒక్కో లక్షణానికి దాని డబ్బు విలువను బట్టి మార్కులిచ్చి, మొత్తం మార్కుల మీద ఎంపిక చేస్తారు.

పశువు విలువను అంచనా వేయడానికి నాలుగు ఆధారాలున్నాయి: దాని సొంత దిగుబడి, పూర్వీకుల దిగుబడి, తోబుట్టువుల దిగుబడి, సంతానం దిగుబడి. చివరిది అన్నిటికంటే నమ్మదగినది, అన్నిటికంటే నెమ్మది కూడా. ఆంబోతు నుంచి రెండేళ్ళ వయసులో వీర్యం తీస్తే, దాని కూతుళ్ళు పుట్టి, ఎదిగి, ఈని, ఒక పాడి పూర్తిచేసేసరికి దానికి ఏడేళ్ళు వస్తాయి. గేదెల్లో ఇంకా ఆలస్యం.

సంపర్క పద్ధతులు

దగ్గరి బంధువులను జతపరిస్తే అంతఃప్రజననం అంటారు. దీనివల్ల ఒకే పూర్వీకుడి జన్యువు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వచ్చి కలిసే అవకాశం పెరుగుతుంది. దాగి ఉన్న లోపాలు బయటపడతాయి. చూడి నిలవడం, పిల్లల బతుకు, రోగనిరోధక శక్తి తగ్గుతాయి. ఈ దగ్గరితనాన్ని అంకెల్లో కొలిచే పద్ధతిని 1922లో సూయెల్ రైట్ ఇచ్చాడు. తండ్రీకూతుళ్ళ కలయికలో అది 25 శాతం, ఒకే తండ్రి బిడ్డలైన సవతి తోబుట్టువుల్లో 12.5 శాతం. మన ఇళ్ళలోని మేనమామ పెళ్ళికి కూడా సరిగ్గా 12.5 శాతమే వస్తుంది, మేనబావ పెళ్ళికి 6.25.

ఈ లెక్క ఎంత అవసరమో తెలంగాణ గొర్రెల పంపిణీ పథకం చూపిస్తుంది. 2017 జూన్‌లో మొదలైన ఆ పథకంలో ఒక యూనిట్ అంటే 20 ఆడగొర్రెలు, ఒక పొట్టేలు. మొత్తం 21 జీవాలున్నా, వంశాల దృష్టిలో ఆ మంద పరిమాణం అంత ఉండదు. సూత్రం ప్రకారం 4 × 20 × 1 ÷ 21, అంటే 3.8. పుట్టే ప్రతి పిల్లకూ తండ్రి ఒకటే కావడం దీనికి కారణం. బయటి రక్తం రాకుండా అలాంటి మందను మూసి ఉంచితే తరానికి 13 శాతం చొప్పున అంతఃప్రజననం పెరుగుతుంది. ఆడ గొర్రెపిల్లలు ఏడాది తిరిగేసరికి ఎదకు వస్తాయి కాబట్టి, రెండేళ్ళకోసారి పొట్టేలును పక్క ఊరి మందతో మార్చుకుంటే చాలు, ఖర్చు లేకుండా ఈ నష్టం తప్పుతుంది.

పెద్ద దేశాల్లోనూ ఈ ప్రమాదం తప్పలేదు. 1962లో పుట్టిన 'చీఫ్' అనే అమెరికన్ హోల్‌స్టీన్ ఆంబోతుకు 16,000 కూతుళ్ళు పుట్టాయి. పాల దిగుబడి బాగా పెరిగింది. ఆ ఆంబోతులో దాగిన ఒక జన్యులోపం రెండు వైపుల నుంచీ కలిసినచోట కడుపులోనే దూడలు పోయాయి. ప్రపంచవ్యాప్తంగా 5 లక్షలకు పైగా గర్భస్రావాలకు అదే కారణమని 2016లో పరిశోధకులు లెక్కగట్టారు.

నాటు పశువులకు తరం తర్వాత తరం మేలుజాతి మగవాటినే కట్టిస్తూ పోవడం జాతి ఉన్నతీకరణ. నాటు గేదెకు ముర్రా వీర్యం వేయిస్తే పుట్టే పెయ్యలో ముర్రా రక్తం 50 శాతం, దాని కూతురిలో 75, ఆపైన 87.5, 93.75. అయిదో తరానికి దాదాపు 97 శాతానికి చేరుతుంది. తెలుగు జిల్లాల్లో గేదె పాడి పెరిగింది ప్రధానంగా ఈ దారిలోనే. స్థానిక గేదెలకు ముర్రా కలవగా గోదావరి జిల్లాల్లో ఏర్పడిన రకాన్ని గోదావరి గేదె అంటారు.

వేర్వేరు జాతులను కలపడం సంకరణం. సంకర సంతానం తల్లిదండ్రుల సగటును మించి ఎదగడాన్ని సంకర తేజం అంటారు. ఇది తొలి తరంలో అత్యధికం. సంకర పశువులను వాటిలో వాటికే కట్టిస్తే ఆ తేజం సగానికి పడిపోతుంది. నాటు ఆవుకు జెర్సీ కలిపితే పాలు పెరుగుతాయి, మొదటి ఈత త్వరగా వస్తుంది. అయితే విదేశీ రక్తం పెరిగే కొద్దీ మన ఎండకు, గోమార్లకు, రోగాలకు తట్టుకునే గుణం తగ్గుతుంది. అందుకే చిన్న రైతుకు విదేశీ రక్తం సగం దగ్గర ఆపాలన్నది మన ప్రజనన విధానాల్లో తరచూ కనిపించే సలహా.

కోళ్ళలో ప్రజననం

సంకర తేజాన్ని పూర్తిగా వాడుకున్న రంగం కోళ్ళది. బి.వి. రావు 1971లో హైదరాబాద్‌లో ప్రారంభించిన వెంకటేశ్వర హేచరీస్ భారత కోళ్ళ పరిశ్రమ గతిని మార్చింది. ఈ పద్ధతిలో శుద్ధ వంశాలను వేర్వేరుగా, కట్టుదిట్టంగా పెంచుతారు. వాటినుంచి తాతల తరం, తాతల నుంచి తల్లిదండ్రుల తరం, చివరికి రైతు ఫారానికి వచ్చే పిల్ల. గుడ్ల సంఖ్య మీద ఎంపిక చేసిన వంశాన్ని, గుడ్డు బరువు మీద ఎంపిక చేసిన వంశాన్ని కలిపి రెండు మేళ్ళూ చివరి పిల్లలో తెస్తారు. ఆ పెట్ట 72 వారాల వయసుకు 300కు పైగా గుడ్లు పెడుతుంది. దాని పిల్లల్ని విత్తనానికి ఉంచితే జన్యువులు చెదిరి దిగుబడి పడిపోతుంది. రైతు ప్రతిసారీ హేచరీ దగ్గరికే రావాలి.

పెరటి కోళ్ళకు వేరే లక్ష్యం కావాలి. రాజేంద్రనగర్‌లో 1988లో ఏర్పడి, తర్వాత కోళ్ళ పరిశోధన డైరెక్టరేట్‌గా మారిన సంస్థ వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను ఇచ్చింది. ఏరుకుతినే కోడికి పొడవైన కాళ్ళు, కుక్కకూ గద్దకూ దొరకని చురుకు, పల్లెలో అమ్ముడుపోయే రంగు ఈకలు, గోధుమ గుడ్డు కావాలి. గుడ్ల సంఖ్య ఒక్కటే చూసి ఉంటే ఈ రకాలు పుట్టేవి కావు.

పందెం కోడి మరో లక్ష్యానికి చక్కటి ఉదాహరణ. కాకి, డేగ, నెమలి, సేతువ అంటూ రంగులను బట్టి పేర్లు పెట్టి, పోరాటగుణం కోసం తరతరాలుగా ఏరిన అసిల్ జాతి పెట్ట గుడ్లు పెట్టేది తక్కువే. ఏ గుణాన్ని ఏరితే ఆ గుణమే పెరిగింది.

వీర్యం నుంచి జన్యుచిప్ వరకు

సహజంగా కట్టే ఆంబోతు ఏడాదికి కొన్ని పదుల ఆవులకే సరిపోతుంది. కృత్రిమ గర్భధారణతో అదే ఆంబోతు వేల దూడలకు తండ్రి అవుతుంది. భారతదేశంలో దీన్ని 1939లో మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారంలో తొలిసారి చేశారు. వీర్యాన్ని సన్నటి స్ట్రాలలో నింపి, ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర నిల్వచేస్తే ఆంబోతు చనిపోయిన తర్వాత కూడా పనికొస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో కరీంనగర్, నంద్యాల, విశాఖపట్నంలలో ఘనీకృత వీర్య కేంద్రాలున్నాయి. ఊళ్ళలో పశువైద్యశాలలు, గోపాలమిత్రలనే గ్రామ కార్యకర్తలు ఈ వీర్యాన్ని వేస్తారు. లింగ నిర్ధారిత వీర్యంతో పుట్టేవాటిలో దాదాపు 90 శాతం పెయ్యలే.

2001లో ప్రతిపాదించిన జన్యుసూచిక ఎంపిక ఈ శాస్త్రంలో ఇటీవలి పెద్ద మలుపు. వేల పశువుల దిగుబడి లెక్కలను, వాటి డీఎన్ఏ గుర్తులను పక్కపక్కన పెట్టి పోల్చి, పుట్టిన దూడ రక్తం చుక్కతోనే దాని విలువను అంచనా వేస్తారు. ఏడేళ్ళ నిరీక్షణ తప్పుతుంది. హైదరాబాద్ గచ్చిబౌలిలోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ రూపొందించిన 'ఇండిగౌ' అనే దేశీ ఆవుల జన్యుచిప్ 2021 ఆగస్టులో విడుదలైంది. అయితే పోల్చడానికి ఇంటింటి పాల లెక్కలు లేకపోతే చిప్ ఏమీ చెప్పలేదు.

తెలుగునేల జాతులు

ఒంగోలు: బలం, ఎండను తట్టుకునే గుణం ఈ జాతి పేరును సముద్రాలు దాటించాయి. 19వ శతాబ్దం నుంచి 1960ల ఆరంభం వరకు ఈ పశువులు బ్రెజిల్ వెళ్ళాయి. ఒంగోలు దగ్గరి కరవది పేరు పెట్టుకున్న ఆంబోతు ఆ దేశపు మందల్లో ప్రఖ్యాత తండ్రుల్లో ఒకటి. అక్కడ నెలోరె పేరుతో 1938 నుంచి వంశావళి నమోదు చేశారు, బరువులు తూచారు, మాంసం అనే ఒక్క లక్ష్యం పెట్టుకున్నారు. నేడు బ్రెజిల్ మాంసపు పశువుల్లో అత్యధికం ఆ రక్తమే. 'వియాటినా–19' అనే నెలోరె ఆవుకు 2023 వేలంలో 40 లక్షల డాలర్లకు పైగా విలువ పలికింది. ఇక్కడ ట్రాక్టరు వచ్చాక దున్నకం అనే లక్ష్యం పోయింది, దాని స్థానంలో మరొకటి నిలవలేదు. బండలాగుడు పోటీలు, గుంటూరు దగ్గరి లాం ఫారం, నెల్లూరు జిల్లా చింతలదేవిలోని జాతీయ కామధేను ప్రజనన కేంద్రం లాంటివి జాతిని నిలుపుతున్నాయి.

పుంగనూరు: చిత్తూరు జిల్లాకు చెందిన పొట్టి ఆవు. పలమనేరు పశు పరిశోధన కేంద్రం దీన్ని కాపాడుతోంది. మంద చిన్నది కావడంతో ఇక్కడ అంతఃప్రజననమే ప్రధాన సమస్య. ఇంటి ముంగిట ముద్దుకోసం పెంచేవాళ్ళు పెరగడంతో ఎత్తు తగ్గించడమే లక్ష్యమైతే పాడి, ఈత సౌలభ్యం వెనకబడే ప్రమాదం ఉంది.

పొడ తూర్పు: నల్లమల అంచున అమ్రాబాద్ ప్రాంతంలో లంబాడీలు పెంచే మచ్చల పశువు. 2020లో జాతిగా గుర్తింపు పొందింది.

నెల్లూరు గొర్రె: పల్ల, జోడిపి, దొర అని మూడు రకాలు. దేశంలోని గొర్రె జాతుల్లో ఎత్తైనది. 2019 గణనలో తెలంగాణ 1.9 కోట్ల గొర్రెలతో దేశంలో మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ 1.76 కోట్లతో రెండో స్థానంలో ఉన్నాయి.

దక్కనీ గొర్రె: కురుమల గొంగడికి నల్ల ఉన్నినిచ్చేది. ఉన్నికి ధర పోయాక మాంసం కోసం నెల్లూరు పొట్టేళ్ళను కలపడంతో శుద్ధమైన మందలు తగ్గాయి.

నగరం చేసే ఎంపిక

పథకం ఉన్నా లేకపోయినా మందలో ఎంపిక జరుగుతూనే ఉంటుంది. కాపరి చేయకపోతే బేరగాడు చేస్తాడు. జియాగూడ మండీకి వచ్చే పొట్టేళ్ళలో ముందుగా తరలివచ్చేవి త్వరగా ఎదిగినవే, ఎందుకంటే వాటికే ధర. వెనక మందలో మిగిలేది ఎదగనిది. ఈనాటి మేటి పిల్లను అమ్మి, నాసి పిల్లను విత్తనానికి ఉంచడమంటే ముందు చెప్పిన లెక్కను తిరగేసి చేయడమే. 6 కిలోల ఆధిక్యం స్థానంలో లోటు వస్తుంది, అదీ 0.3 చొప్పున పిల్లలకు చేరుతుంది.

పాడిలోనూ అంతే. నగరపు తబేలాలకు హర్యానా నుంచి, జిల్లాల నుంచి తెచ్చేది ఈనిన మేలైన గేదెలను. కొట్టంలో చోటు, మేత ఖరీదు కాబట్టి చాలాచోట్ల వాటిని మళ్ళీ కట్టించరు, పాలు వట్టిపోగానే అమ్మేస్తారు. పెయ్యదూడలు సరైన పాలు లేక పోతాయి. ఊరిలోని మేటి గేదె ఒక్క పాడితో వంశం ముగించుకుంటుంది. హయత్‌నగర్‌లోని నల్గొండ–రంగారెడ్డి సహకార డెయిరీ తరహా వ్యవస్థ పాలను ఊళ్ళలో సేకరించి నగరానికి పంపుతుంది. పాలు కదిలి గేదె ఊళ్ళోనే ఉంటే దాని కూతుళ్ళూ ఊళ్ళోనే ఉంటాయి. రవాణాకు సంబంధించినదిగా కనిపించే ఏర్పాటు ప్రజననానికీ మేలుచేస్తుంది.

పథకానికి వరుస

ఏ స్థాయిలోనైనా ప్రజనన పథకానికి ఒకే వరుస: లక్ష్యం తేల్చుకోవడం, పశువుకు గుర్తింపు సంఖ్య వేయడం, దిగుబడి, ఈత, వంశం రాసిపెట్టడం, ఆ లెక్క మీద మగవాటిని ఏరడం, బంధుత్వం చూసి జతపరచడం, మంచి వీర్యాన్ని పొరుగువారికి అందించడం, అయిదారేళ్ళకోసారి ఫలితాన్ని సరిచూసుకోవడం. వంద గొర్రెల మందకు చెవిపోగులు, వేలాడే తక్కెడ, ఒక నోటుబుక్కు చాలు. మూడు నెలల వయసులో ప్రతి పొట్టేలుపిల్లనూ తూచి, బరువులో మేటిగా ఉన్న అయిదింటిని బేరానికి ముందే పక్కన పెట్టగలిగితే, ఆ మందలో ఎంపిక బేరగాడి చేతినుంచి కాపరి చేతికి వస్తుంది.